సీఈఓ పక్కన కూర్చున్న ఇద్దరు

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, హెబ్బగోడి దగ్గరి పంపుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ జనరల్ మేనేజరుగా ఉన్న నాకు బోర్డు ఒక పని అప్పగించింది. కొత్త సీఈఓ వచ్చి ఆరు నెలలైంది. ఆయన పనితీరు గురించి అన్ని స్థాయుల ఉద్యోగులనూ విడివిడిగా అడిగి రహస్య నివేదిక ఇవ్వాలి. ఆయన్ని ఆ పదవిలో ఖాయం చేయాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. చెప్పినవాళ్ళ పేర్లు రాయకూడదు, వాళ్ళ మాటలు మాత్రం మార్చకూడదు. ఈ పనిలో అది నియమం.

అప్పటికే సీఈఓ పేరు బయట మారుమోగుతోంది. క్యాంటీన్‌లో కార్మికుల బల్ల దగ్గర కూర్చుని రాగిముద్ద తింటున్న ఫోటో పేపర్లకెక్కింది, అందరి ఫోన్లలో తిరిగింది. నాకూ ముచ్చటేసింది, దాచడమెందుకు.

పంపులు బిగించే అసెంబ్లీ విభాగం సూపర్‌వైజరు రెడ్డెప్ప తన వంతు వచ్చినప్పుడు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఆయప్ప మా పక్కన కూచున్నాడు సార్. ఫోటో తీసినంక లేసి పాయె. తుంచిన ముద్ద అట్లే ప్లేట్లో ఉండిపాయె. నా పేరు రానీయొద్దు సార్, నా ప్రమోషన్ కాగితం ఆయన టేబుల్ మీదనే ఉండాది."

రానివ్వనని మాటిచ్చాను. ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను. ఇంత పదునైన మాట దొరికిందని లోలోపల మురిసిపోయాను కూడా.

నివేదిక పంపిన మూడో రోజు రిసెప్షన్‌లో, ఫ్రేము కట్టించి పెట్టిన ఆ ఫోటో ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ బల్ల దగ్గర సీఈఓ కాక ఉన్నది ఇద్దరే: రెడ్డెప్ప, స్టోర్స్ క్లర్కు. 'మా పక్కన' అని రాసి, ఆ ఇద్దరి పేర్లూ నేనే చెప్పినట్టయింది. బోర్డు నుంచి నివేదిక కాపీ ఒకటి ఆ ఉదయమే సీఈఓకు వెళ్ళింది.

పదకొండింటికి పిలుపు వచ్చింది. ఆయన ముందు ఆ పేజీయే తెరిచి ఉంది. గొంతు పెంచలేదు. ఇద్దరిలో ఎవరన్నారని ఒక్కటే అడిగారు. చెప్పలేనన్నాను, అలా రాయడం నా పొరపాటన్నాను. సరే, వెళ్ళమన్నారు.

గదికి వచ్చి, నివేదికకు ఒక వాక్యం చేర్చి నా సంతకంతో బోర్డుకు పంపాను: 'ఇది నిజమా అని సీఈఓ అడగలేదు, ఎవరన్నారని అడిగారు.' ఆ తర్వాత వారం రోజులు నాకు అన్నం సహించలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి.

బోర్డు ఆయన్ని ఖాయం చేసింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ప్రమోషన్ల జాబితా వచ్చినప్పుడు అందులో రెడ్డెప్ప పేరు లేదు, నోరే విప్పని స్టోర్స్ క్లర్కు పేరూ లేదు. తప్పు నాది. సిగ్గుతో చాలా రోజులు అసెంబ్లీ వైపు వెళ్ళలేదు.

మరుసటి ఏడు బోర్డు మళ్ళీ నివేదిక అడగడంతో, అవే ప్రశ్నలతో రెడ్డెప్పను మళ్ళీ పిలవాల్సి వచ్చింది. ఏది అడిగినా "అంతా బాగుండాది సార్" అన్నాడు. ఆ ఏడాది సీఈఓ మీద చాలా మంచి నివేదిక వెళ్ళింది. తృప్తిగా ఉన్న మనిషి జవాబూ, భయపడిన మనిషి జవాబూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయని అప్పుడు తెలుసుకున్నాను.