అద్దె నెలకు, వరస నూరేళ్లకు

మా లోలా బసిలిసాకి ఉన్నది ఒకటే జబ్బు. వరస లేని మనిషిని చూస్తే ఆవిడకి అన్నం సహించదు.

లోలా అంటే అమ్మమ్మ. నాయనమ్మ కూడా లోలాయే. సముద్రం మధ్య దీవిలో ఉన్న మా దుమగెతె ఊళ్లో రెండిటికీ ఒకటే మాట. లోలాకి ఎదుటివాడి పేరుతో పని లేదు, ఊరు కావాలి. ఊరు చెప్తే తాత పేరు అడుగుతుంది. తాత పేరు చెప్పాడా, ఇక ఆ మనిషి తప్పించుకోలేడు.

ఓసారి మా పుంజుని చంకలో ఇరికించుకుని గోడ దూకబోతున్నవాణ్ని పట్టుకుంది. చొక్కా వదలకుండానే విచారణ మొదలుపెట్టింది.

"ఏ ఊరురా నీది?"

"బాయిస్, లోలా."

"బాయిస్‌లో ఎవరి తాలూకు?"

"చేపల తుర్యో మనవణ్ని."

"తుర్యోనా! వాడి పెళ్లాం మా పిన్ని కూతురే కదరా! అంటే నువ్వు నాకు... ఉండు... మనవడివే! దొంగసచ్చినోడా, సొంతింటికి గోడ దూకి వస్తావా? తలుపు లేదూ?"

ఆ మధ్యాహ్నం పుంజు కూరైంది. దొంగకి తొడ పడింది. నాకు మెడ.

రక్తంలో వరస దొరక్కపోతే లోలా దగ్గర ఇంకో అస్త్రం ఉంది. మా దగ్గర బిడ్డకి జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, చేయిస్తే జ్ఞానతండ్రులు ఒకరితో ఆగరు, చర్చిలో వరసగా పదిమంది నిలబడతారు. అలా నిలబడ్డవాడు బిడ్డకి రెండో తండ్రి. బిడ్డ తల్లిదండ్రులకి 'పారె', అంటే తోడబుట్టినవాడితో సమానం. కాదంటే కుదరదు. బిడ్డని ఎత్తుకున్నాక ఎవడు కాదనగలడు?

మా మేడ మీద గది అద్దెకిస్తాం. అందులోకి ఫిన్లాండ్ నుంచి ఇల్మారి అనే అతను వచ్చాడు. ద్వారబంధానికి తల కొట్టుకునేంత పొడుగు. వీపు మీద ఒక సంచి, చేతిలో లాప్‌టాప్, నోట్లో మాటలు మాత్రం లేవు. వాళ్ల ఊరి బస్సులు ఏ వేళకి ఎక్కడ ఉండాలో లెక్క కట్టడం అతని పని. బస్సులు అక్కడ, ఇతను ఇక్కడ.

"బస్సు ఆలస్యమైతే ఇక్కణ్నుంచి ఎలా పరిగెత్తుతావు నాయనా?" అంది లోలా.

"కంప్యూటర్లోనే చూస్తానండీ," అన్నాడు. ఉద్యోగం కొత్తదట. నెలాఖరుకి తన బస్సుల పథకాన్ని వాళ్ల ఊరి పెద్దలకి తెర మీద వివరించాలట. వాళ్లకి నచ్చితే ఉద్యోగం పక్కా, ఎక్కడ కూర్చుని చేసుకున్నా సరే. నచ్చకపోతే తిరిగి మంచులోకి. "అందుకే గది నెల రోజులకే," అని, లోలాని మూడు ప్రశ్నలు అడిగాడు. "కరెంటు పోతుందా? ఇంటర్నెట్ బాగుంటుందా? జ్వరమొస్తే ఎవరిని పిలవాలి?"

లోలా మూడిటికీ జవాబు చెప్పలేదు. తిరిగి ఒకటే అడిగింది.

"నీకు ఈ ఊళ్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అన్నాడు, బడికి సెలవు దొరికిన పిల్లాడి మొహంతో.

"ఈ దీవిలో?"

"లేరు."

"పోనీ ఈ దేశంలో?"

"ఒక్కరు కూడా లేరండీ. ఎంత ప్రశాంతంగా ఉందో!"

లోలా మెట్టు మీద కూలబడింది. "ఇందాయ్, మంచినీళ్లు పట్రా," అంది నాతో. నీళ్లు అతనికి కాదు.

ఆదివారం "భోజనానికి పిలిచారు, మంచి చొక్కా వేసుకో" అని ఇల్మారిని బయల్దేరదీసింది. భోజనం ఉన్నమాట నిజమే. దానికి ముందు చర్చి ఉందని చెప్పలేదు, అంతే. మా వీధిలో మూడు చక్రాల బండి తోలే బెర్తింగ్ కొడుక్కి జ్ఞానస్నానం. ఇల్మారి చేతిలోకి కొవ్వొత్తి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు.

ఫాదర్ కళ్లద్దాలు సవరించుకున్నారు. "బసిలిసా, ఈ అబ్బాయి మన శాఖ కాదు కదా?"

"సాక్షిగానైనా నిలబెట్టండి ఫాదర్. అంత పొడుగు మనిషి. దేవుడికి ముందు అతనే కనపడతాడు."

ఫాదర్ పుస్తకం తెరిచారు. ఆయనా లోలాకి ఏదో వరసవుతారు లెండి. బెర్తింగ్ కొడుకు ఇల్మారి గడ్డం రెండు చేతులా పట్టుకుని, నీళ్లు పోసినా వదల్లేదు. "చూశావా, పోలిక!" అంది లోలా.

తర్వాతి ఆదివారం కరెంటు స్తంభాలెక్కే రోడెల్ కవలలు. ఆ పై ఆదివారం శవపేటికల ఫెలిసిడాద్ మనవడు. ఆమెది మా ఊరి శ్మశానం దారిలో అంత్యక్రియల మందిరం. అప్పటికి ఇల్మారికి కొవ్వొత్తి పట్టుకోవడం చేయి తిరిగిన విద్య అయిపోయింది.

అసలు చిక్కు మధ్యాహ్నాల్లో వచ్చింది. వాళ్ల ఆఫీసు తెరిచేది మాకు భోజనాలయ్యాకే. ఇల్మారి తెర ముందు కూర్చుని మేనేజరు మేడమ్‌తో మాట్లాడుతుంటాడు. సరిగ్గా అప్పుడే కిటికీ కింద బెర్తింగ్ బండి ఆగుతుంది.

"పారె! చేప తెచ్చా, ఇంకా ఎగురుతోంది, దిగు!"

"పారె! నీ కొడుక్కి పన్నొచ్చింది!"

తెరలో మేడమ్ ఆగింది. "ఇల్మారీ, ఏమిటా కేకలు?"

"మా అబ్బాయికి పన్నొచ్చిందట మేడమ్."

"మీకు పిల్లలున్నారా? ఉద్యోగంలో చేరేటప్పుడు చెప్పలేదే?"

"మూడు వారాల క్రితం లేరు. ఇప్పుడు నలుగురు."

ఇదంతా నాకెలా తెలుసంటారా? మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు వలిచేది నేనే. అతని మొహం ఎర్రబడటం చూస్తే నాకు సరదా. అందుకే ఇంకో మాట కూడా వేశాను. "డిసెంబరులో చూస్కోండి సార్. పండగ పొద్దున్నే జ్ఞానపుత్రులంతా కానుకల కోసం మీ గుమ్మం ముందు బారు తీరతారు. బారు ఏటేటా పెరుగుతుంది. తరగడం నేనైతే చూళ్లేదు."

ఆ మర్నాడే ఇల్మారి ఉడికిన పీతలా ఎర్రగా కిందికి దిగాడు.

"లోలా, కోపం తెచ్చుకోకండి. నాకు బంధువులు వద్దు. కరెంటు, ఇంటర్నెట్, నిశ్శబ్దం. ఈ మూడే కావాలి. సముద్రం ఒడ్డున విదేశీయుల కోసం కట్టిన భవనం ఉంది కదా, జనరేటర్ ఉన్నది. ఒకటో తారీఖు నుంచి అందులో చేరుతున్నాను."

"అలాగే నాయనా," అంది లోలా. ఆ సాయంత్రం కొత్త పోస్టుమనిషి వస్తే కనీసం ఏ ఊరని కూడా అడగలేదు. మా అమ్మ భయపడి లోలా నుదురు తాకి చూసింది.

అతను తెర మీద వివరించాల్సిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలవుతుండగా ఫ్యాను గిర్రుమని, మూలిగి, ఆగింది. ఊరంతా కరెంటు పోయింది. కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ గీతలు కూడా పోయాయి.

ఇల్మారి లాప్‌టాప్ పట్టుకుని సముద్రం ఒడ్డు భవనానికి పరిగెత్తాడు. నేనూ వెనకే పరిగెత్తాను, చూడకపోతే ఎలా? లోపల జనరేటర్ దడదడలాడుతోంది. కాపలావాడు గేటు సందులోంచి మూతి మాత్రం బయటపెట్టాడు.

"మీరు చేరేది ఒకటో తారీఖు కదా సార్?"

"అవును, కానీ ఇవాళ ఒక్క గంట..."

"ఒకటో తారీఖున రండి సార్."

తిరిగొచ్చి, నడివీధిలో లాప్‌టాప్‌ని వరదలో పసిబిడ్డలా నెత్తిన పెట్టుకుని నిలబడిపోయాడు. "అయిపోయింది," అన్నాడు. "ఇంటికెళ్లిపోవడమే."

లోలా గుమ్మంలోంచి చూసింది. ఆ పైన వీధి దద్దరిల్లేలా కేకేసింది.

"బెర్తింగ్! నీ పారెకి కష్టమొచ్చింది, బండి తియ్!"

ఇల్మారిని సగం మడిచి బండిలో కుక్కాం. లోలా పక్కన, నేను వెనక కమ్మీ పట్టుకుని. మలుపులో స్తంభం మీద నుంచి రోడెల్ కేక పెట్టాడు. "పారె! సాయంత్రం దాకా రాదు! ఫెలిసిడాద్ దగ్గరికి పోనీండి, ఆమె జనరేటర్ ఆగితే శవాలు ఊరుకోవు!"

మందిరంలో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. ముసలి ఎల్పిదియో పెట్టెలో పడుకుని ఉన్నాడు. చుట్టూ పూలచక్రాలు, కాఫీలు, బిస్కెట్లు, ఒక మూల పేకాట. కెనడాలో, దుబాయ్‌లో ఉన్న కొడుకులు తండ్రి శవజాగారం చూడటానికని అక్కడి ఇంటర్నెట్ ఊళ్లోకెల్లా గట్టిది.

"నాయనా, రా రా! నీకు కాక ఇంకెవరికిస్తాను చోటు?" అంది ఫెలిసిడాద్. "కానీ ఇవాళ హాలు వాళ్లది. ఆవిడనొక్క మాట అడగాలి."

ఎల్పిదియో భార్య తల పైకెత్తి, ఇంకా పైకెత్తి చూసింది. "ఎవరీ పొడుగాయన?"

లోలా ఆవిడ పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. రెండు రోజులుగా ఆగిపోయిన యంత్రం మళ్లీ కదిలింది.

"చెప్తా విను. ఇతను ఫెలిసిడాద్ మనవడికి జ్ఞానతండ్రి. అంటే ఫెలిసిడాద్‌కి కొడుకు వరస. మరి ఫెలిసిడాద్ పెళ్లిలో తండ్రి స్థానంలో నిలబడిందెవరు? మీ ఆయన కాదూ! అంటే ఆమె మీ ఆయనకి కూతురు. కూతురి కొడుకు ఏమవుతాడే?"

ముసలావిడ వేళ్ల మీద లెక్క పెట్టింది. "మనవడు."

"ఆ మనవడు తాత దగ్గర కూర్చుని కాసేపు పని చేసుకుంటానంటున్నాడు."

"అయ్యో నా తండ్రీ! తాత కోసం అంత దూరం నుంచి వచ్చావా!" అని ఆవిడ ఇల్మారిని కావలించుకుంది. ఆవిడ తల అతని పొట్ట దగ్గరికి వచ్చింది.

పెట్టె పక్కనే కుర్చీ వేశారు. పేకాట వాళ్లు ముక్కలు చప్పుడు కాకుండా దించారు. ఇల్మారి బస్సుల గురించి మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ శ్రద్ధగా తలలూపారు. ముసలావిడ మధ్యలో వచ్చి మోచేతి దగ్గర కాఫీ పెట్టింది, మరోసారి వచ్చి అందులో పంచదార వేసింది.

అంతా అయ్యాక తెరలో మేడమ్ గొంతు సవరించుకుంది. "పథకం చాలా బాగుంది. కానీ ఇల్మారీ... మీ వెనక ఆ పూలు, ఆ పెట్టె... అసలు ఎక్కడున్నారు మీరు?"

ఇల్మారి పెట్టె వైపు చూశాడు. ముసలావిడని చూశాడు. లోలాని చూశాడు.

"మా తాత పోయారు మేడమ్," అన్నాడు. "తాత వరస."

తెరలో పెద్దలంతా ఒక్కసారిగా కళ్లద్దాలు తీశారు. "ఇలాంటి రోజున కూడా పని చేశారా!"

"నాకేం కష్టం కాలేదు. మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు," అని లాప్‌టాప్ హాలు వైపు తిప్పాడు. అందరూ చేతులూపారు. ఎప్పుడు తెప్పించాడో, బెర్తింగ్ తన కొడుకుని తెర ముందుకి ఎత్తి, "పన్ను చూపించరా, పన్ను!" అన్నాడు.

మేడమ్ కళ్లు తుడుచుకుంది. "ఉద్యోగం మీదే ఇల్మారీ. ఎక్కణ్నుంచైనా చేసుకోండి. ముందు మీవాళ్ల దగ్గర ఉండండి."

హాలు కేరింతలతో మారుమోగింది. ఎల్పిదియో లేచి కూర్చోలేదు కానీ, లేస్తాడేమోనని నేను ఓ చూపు చూశాను.

చావింటి నుంచి నేరుగా ఇంటికి వెళ్తే చావు వెంట వస్తుందని మా నమ్మకం. అందుకని బజారులో మా అమ్మ దుకాణం దగ్గర ఆగాం. అమ్మ అరిటాకులో చుట్టిన కొర్ర ముద్దలు, చిక్కటి చాక్లెట్ అమ్ముతుంది. ఇల్మారి మూడు తిన్నాడు. నాలుగోది విప్పుతూ ఆగిపోయాడు.

"లోలా. కరెంటుకి రోడెల్. ఇంటర్నెట్‌కి ఫెలిసిడాద్. మరి జ్వరమొస్తే?"

"ఆసుపత్రికి నిమిషంలో చేర్చేది బెర్తింగ్. వాడి పెళ్లాం అక్కడే నర్సు."

"అంటే మీరు ఆ పిల్లల్ని ఎంచి ఎంచి..."

"పిల్లల్ని ఎవడు ఎంచాడు? పిల్లలందరూ ఒకేలా ఏడుస్తారు. నేను తల్లిదండ్రుల్ని ఎంచాను," అంది లోలా, చాక్లెట్ ఊదుకుంటూ. "వచ్చిన రోజే మూడు అడిగావు. మూడూ ఇచ్చాను. నిశ్శబ్దం తర్వాత అడిగావు. అది నా దగ్గర లేదు."

ఇల్మారి చాలాసేపు నవ్వాడు. సముద్రం ఒడ్డు గది వద్దని చెప్పేస్తానన్నాడు. "ఇంకో నెల ఉంటాను లోలా. ఒక్క నెలే." తర్వాత నా వైపు చూశాడు. "ఇంతకీ ఇందాయ్ ఏ వరస? మీ కొడుకు కూతురా, కూతురి కూతురా?"

కోడిదొంగకి కూడా మూడు తరాలు ఏకరువు పెట్టే లోలా, కప్పులోకి చూసింది. "మనవరాలంటే మనవరాలే. నువ్వు తిను."

అసలు పెళ్లే చేసుకోని మనిషికి మనవరాలు ఎలా వచ్చిందని అడిగే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. మా అమ్మ మాత్రం అతని కప్పు మళ్లీ నింపుతూ అడిగింది.

"ఆ మేడ మీది గదికి నెల రోజులకే వచ్చావు కదూ?"

"అవునండీ."

"నేనూ అంతే," అంది అమ్మ. "ఇది అప్పుడు కడుపులో ఉంది."

నాకిప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.