పెద్దమ్మా అనలేక పరిచిన కలుపు గుడ్డ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాలు క్షుణ్ణంగా తెలుసని గట్టి నమ్మకం. ఒకటి మొక్కలు, రెండు మనుషులు. మొక్కలు ఎందుకు తెలుసంటే డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను, పైగా మెదక్ బస్టాండు దగ్గర విత్తనాలూ, నీళ్ల పైపులూ అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. మనుషులు ఎందుకు తెలుసంటే, దానికి కారణమేమీ లేదు, పెళ్లికి ముందు ఏ మగవాడికైనా అలాగే అనిపిస్తుంది. (పెళ్లయ్యాక మొక్కల సంగతి కూడా అనుమానంలో పడుతుంది.) ఆ రెండు నమ్మకాలూ ఒకే ఆదివారం నాడు, ఒకే పెరట్లో, నల్లగుడ్డ కింద పడి నలిగిపోయిన వైనం ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట మాత్రం నాకు నవ్వడానికి కూడా భయమేసింది.

అప్పట్లో మా సేటు హైదరాబాదు నుంచి కొత్తగా కలుపు గుడ్డ తెప్పించాడు. ప్లాస్టిక్ పోగులతో నేసిన నల్లటి గుడ్డ అది. మడి మీద పరిచి, అంచుల్లో మేకులు దిగ్గొట్టి, మొక్కకొక చిల్లు పెట్టి నారు నాటితే చాలు. నీళ్లు కిందికి దిగుతాయి, ఎండ దిగదు, కాబట్టి కలుపు లేవదు. ఇంత గొప్ప సరుకును మా ఊళ్లో ఎవరూ కొనలేదు. చూసిన వాళ్లంతా ముక్కున వేలేసుకుని "గుడ్డ మనం కట్టుకోవాలె గని భూమికి గుడ్డేంది సేటూ" అని నవ్వి, గుప్పెడు బెండ గింజలు కొనుక్కుని పోయేవారు. ఇక లాభం లేదని, కొన్నవాళ్ల ఇంటికి మా మనిషే వచ్చి పరిచిపోతాడని సేటు బోర్డు రాయించాడు. మా మనిషి అంటే నేనే.

ఆ బోర్డు చూసి మొట్టమొదట గుడ్డ కొన్నది ఖిల్లా కింది గల్లీలో ఉండే ఒక పెద్దావిడ. ఆమె వెంట కూతురు కూడా వచ్చింది. అంతకుముందు ఒకసారి ఆ అమ్మాయి మా దుకాణానికి వచ్చి, మొలవని బీర గింజలు కౌంటరు మీద పోసి, "ఇవ్వి విత్తనాలా, గులకరాళ్లా?" అని నన్ను నలుగురిలో కడిగేసింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కోపంతో కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. మా మేనమామ నర్సాపూర్ బస్సులో కండక్టరు, టికెట్లు కొడుతూ సంబంధాలు కూడా కుదిర్చేవాడు. సిగ్గు విడిచి ఆయనకు చెప్పాను. ఆయన వాకబు చేసి, మనవాళ్లే, వరస కూడా కలుస్తుందన్నాడు. కానీ అప్పటికే రెండు సంబంధాలు "దుకాణంల గుమస్తాకు పిల్లనియ్యం" అని వెనక్కి పోయి ఉన్నాయి. ఇదీ పోతే నేనేమైపోతానో నాకే తెలియదు.

"గుడ్డ పరవనీకి పోతున్నవ్ గద, అదే పెండ్లిచూపులనుకో" అన్నాడు మామ. "వాళ్లు నిన్ను చూస్తరు, నువ్వు పిల్లను చూస్తవ్."

"వాళ్లకు తెలుసా మామా, నేనెందుకొస్తున్ననో?"

"తెలుసంటే తెలుసు, తెల్వదంటే తెల్వదు. నువ్వు గాబరా పడకు, నీ పని నువ్వు చేస్కొని రా."

ఈ జవాబు పట్టుకుని నేను శనివారమంతా కొట్టుమిట్టాడాను. పెళ్లికొడుకుగా పోవాలా, పనివాడిగా పోవాలా? చివరికి రెండూ కలిపి, ఇస్త్రీ చేసిన పిస్తా రంగు చొక్కా తొడుక్కుని, సెంటు పూసుకుని, భుజాన కలుపు గుడ్డ చుట్ట, చేతిలో మేకుల సంచీ పట్టుకుని బయల్దేరాను. గల్లీలో కుక్కలు కూడా ఎటూ తేల్చుకోలేక కాసేపు మొరిగి ఊరుకున్నాయి.

తలుపు తీసిన పెద్దావిడను చూడగానే అసలు చిక్కు ఎదురైంది. ఆమెను ఏమని పిలవాలి? మా వైపు దుకాణం నుంచి వచ్చిన ఏ పిల్లవాడైనా ఆ వయసు మనిషిని "పెద్దమ్మా" అంటాడు. నేనూ రోజంతా కౌంటరు దగ్గర అనే మాటే అది. కానీ ఈమెను పెద్దమ్మా అంటే ఈమె కూతురు నాకు చెల్లెలైపోతుంది! సంబంధం గడపలోనే చచ్చిపోతుంది. పోనీ అత్తమ్మా అంటే, వాళ్లకింకా సంగతి తెలియకపోతే, వీడెవడురా ఇంత తెగించాడని చీపురు అందుకుంటుంది. ఆంటీ అంటే మా సేటు కూతుళ్లు కూడా వెక్కిరిస్తారు. అందుకని గొంతులోకి వచ్చిన పిలుపును మింగేసి "ఇగో... గుడ్డ తెచ్చిన" అన్నాను. ఆ 'ఇగో'తోనే పొద్దంతా గడుపుదామని అప్పటికప్పుడే తీర్మానించుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

"రా పిలగా, పెరడు అటు. నారు తయారుంది, వంకాయ, టమాట, మిర్చి. నువ్వు కలుపు తీసి గుడ్డ పర్సు" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. శ్రావణమాసం వానలకు పెరడంతా మోకాలెత్తు పచ్చగా లేచి ఉంది. అందులో ఏది కలుపో, ఏది కాదో ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అడగాలంటే పిలవాలి, పెరట్లోంచి వంటింటికి వినపడేలా పిలవాలి, 'ఇగో' అనేది అంత దూరం వెళ్లే పిలుపు కాదు. రెండు సార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్లి దగ్గాను. ఆమె లోపలి నుంచే "జలుబైందా పిలగా, మిరియాల కషాయం పెట్టాల్నా?" అంది. వద్దని చెప్పి తిరిగొచ్చి, చదువుకున్నవాణ్ని కదా అని నా అంతట నేనే నిర్ణయించేశాను. నాటనిదంతా కలుపే.

కొడవలి పట్టి కోసుకుంటూ పోయాను. ఇంతలో ఆ అమ్మాయి వచ్చింది. నేను చొక్కా సర్దుకుని, చదువున్న మనిషిలా కనిపించే పద్ధతిలో కొడవలి పట్టుకున్నాను. (అలాంటి పద్ధతి ఏదీ లేదని ఇప్పుడు తెలుసు.) ఆమె నావైపు తిన్నగా చూసి అడిగింది.

"అన్నా, చాయ్ తాగుతవా, చల్ల తాగుతవా?"

అన్నా! నేను తల్లిని పెద్దమ్మా అనకుండా ఇంత కష్టపడి కాపాడుకొచ్చిన వరసను, కూతురు ఒక్క మాటతో మట్టిలో కలిపేసింది. తెలిసే అందా, తెలియక అందా? తెలిసి అంటే ఇష్టం లేదని అర్థం. తెలియక అంటే మామ చెప్పలేదని అర్థం. లేక మామ చెప్పగా తెలిసీ, తెలియనట్టు నటించడానికి అందా? ఏం తాగుతానన్నానో నాకు గుర్తులేదు. చాయ్, చల్ల రెండూ వచ్చాయి. ఆ గాభరాలో రెండూ తాగేశాను.

అప్పటి నుంచి పని మీద ధ్యాస పోయింది. గోడ వెంబడి ఒక వరస మిగిలి ఉంది. తోటకూరలాంటి ఆకులతో నిటారుగా, ఏపుగా లేచిన మొక్కలు. వాటిని కొయ్యడానికి కూడా మనసు రాలేదు. కాళ్లతో అటు వంచి, పైన గుడ్డ కప్పేసి, మేకులు కొట్టి, ఇటుకలు పెట్టేశాను. అసలు నేను పరుస్తున్నది మడి మీదో, నా సంబంధం మీదో అర్థం కాలేదు.

పని అయిందని ఇద్దరూ చూడటానికి వచ్చారు. నల్లగా, నున్నగా ఉంది పెరడు. ఆ అమ్మాయి గోడవైపు చూసి ఆగిపోయింది.

"గోడ పొంటి గునుగేది?"

"గునుగు నాకు కనవడలేదు, గునుగుంటే తెల్వదా నాకు? ఊదా రంగుల ఉంటది గద" అన్నాను నమ్మకంగా.

ఆమె నన్ను చూసిన చూపు బీర గింజల నాటి చూపు కంటే ఘోరంగా ఉంది. "గునుగు తెల్లగుంటది. ఊదా మనం అద్దుతం! ఇంక పూతకు రాలేదు, ఆకే ఉంటది."

ఒట్టు, నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు బజారు నుంచే వచ్చేది, నేను చూసేసరికి అమ్మ దానికి రంగులద్ది ఆరేసి ఉండేది. వృక్షశాస్త్రంలో దాన్ని లాటిన్ పేరుతో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను గానీ, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు.

పెద్దావిడ కోపగించుకోలేదు, అరవలేదు. గుడ్డ మీద కూర్చుండిపోయి, "మా అత్తమ్మ చల్లింది ఆ గింజ. ఆమె పోయినంక గూడ ఏటేట రాలి మొలుస్తది. బజార్ల గునుగు కొని నేనెన్నడు బతుకమ్మ పేర్వలే" అంది మెల్లగా. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంబంధం సంగతి మరిచిపోయాను, పిస్తా చొక్కా సంగతి మరిచిపోయాను. మోకాళ్ల మీద పడి ఇటుకలు తీసి, మేకులు పీకి, గోడవైపు గుడ్డ ఎత్తాను. నా బద్ధకం పుణ్యమా అని ఒక్క మొక్కా తెగలేదు. వంగి, చెమటలు పట్టి, పడుకుని ఉన్నాయంతే.

ఈ గుడ్డను కత్తిరిస్తే పోగులు ఊడతాయి, అందుకని రేకు డబ్బాను నిప్పుల మీద కాల్చి, దానితో అద్ది గుండ్రంగా చిల్లు పెట్టాలి. వంకాయ నారు కోసమని తెచ్చిన డబ్బా గునుగు కోసం కాలింది. అమ్మాయే పొయ్యి దగ్గర నుంచి పట్టకారుతో పట్టుకొచ్చింది. "ఇగో, జరుగు, చెయ్యి కాలుతది" అంది. నేను చిల్లు పెడితే ఆమె కిందికి చెయ్యి పోనిచ్చి గునుగు తలను పైకి లాగింది. "ఇగో, గిది గూడ, చిన్నదున్నది, ఇడ్సిపెట్టకు" అంది. అలా సాయంత్రందాకా, కలుపు రాకుండా పరిచే గుడ్డలోంచి నేను ఎంచి ఎంచి కలుపు మొక్కలను వరసలో నిలబెట్టాను. ప్రపంచంలో ఇంకెవరైనా ఈ పని చేశారో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి మామతో, "ఆమె నన్ను అన్నా అన్నది, ఇగ మర్చిపో" అన్నాను. ఆయన టికెట్ల సంచీ సర్దుకుంటూ, "అరే, నేను వాళ్లకు ఇంక చెప్పనే లేదు గదరా, బస్సుల రష్షుండె" అన్నాడు తాపీగా. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడుతుండగా మా సేటు, అమ్మిన ఒకే ఒక్క గుడ్డను ఫోటో తీయించి దుకాణంలో పెడదామని ఆ పెరట్లోకి వెళ్లాడు. నల్లగుడ్డ మీద గునుగు తెల్లగా విరగబూసి ఉంది. "ఏందిర ఇది, కలుపు ఆపుమంటె కలుపు నాటినవ్?" అని అక్కడే నెత్తి పట్టుకున్నాడట. అప్పుడే పెద్దావిడ ఆయన్ని అడిగిందట, "గుడ్డ పర్సిన పిలగానికి పెండ్లి అయిందా?" అని.

అలా మామ కుదర్చని ఒకే ఒక్క సంబంధం నాది అయింది. ఎందుకు కుదిరిందో మాత్రం చాలా ఏళ్లు నాకు తెలియలేదు. పెద్దావిడ నా కష్టం చూసిందనుకున్నాను, నా చదువు అనుకున్నాను, ఒక్కోసారి చొక్కా అనుకున్నాను. మొన్న బతుకమ్మకు అదే గోడ పొంటి గునుగు కోస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తమ్మా, గా రోజు మీకు తెలుసా, నేనెందుకొచ్చిన్నో?"

"తెల్వకనా అల్లుడా! దుకాణం పిలగాడు గడపల కాలు పెట్టంగనే పెద్దమ్మా అంటడు. నువ్వు పొద్దంత తన్లాడినవ్ గని ఆ మాట అనలే. గప్పుడే అనుమానమొచ్చింది." ఆమె గునుగు కట్ట ఒళ్లో వేసుకుని నవ్వింది. "అయితే ఏంది? నీ మనసుల ఉంటె సాల్తదా? పొద్దుగల్ల నిన్ను అన్నా అన్న పిల్ల, పొద్దుమీకి ఇగో ఇగో అనవట్టె. ఇగ నేనడిగేదేముంటది?"

నేను తిరిగి చూశాను. మా ఆవిడ ఏమీ విననట్టు బొట్టు బొట్టుగా ఊదా రంగు కలుపుతోంది. నన్ను పేరు పెట్టి పిలవదు, పెళ్లయినప్పటి నుంచీ నేను ఆమెకు 'ఇగో'నే, అది మా ఊరి ఆడవాళ్ల అలవాటేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. మడి నిండా గుడ్డ పరిచి, గుడ్డ నిండా మేకులు కొట్టి, కాళ్ల దగ్గర ఏం మొలుస్తోందో చూడని ఆ పిస్తా చొక్కా కుర్రాడు గుర్తొచ్చి, జాలేసింది.

"ఇగో, కూసున్నది సాలు, ఆ మూలకున్న గునుగు గూడ కొయ్యి" అంది ఆమె. లేచి వెళ్లి కోశాను.