నువ్వెవరి తాలూకు?

మా కనమారా తీరంలో పిల్లలు ఎదురైతే ముందు పేరడగరు. "నువ్వెవరి తాలూకు?" అంటారు. ఊళ్లో సగంమందికి ఒకటే ఇంటిపేరు. తండ్రి పేరూ తాత పేరూ కలిపి చెబితేగాని మనిషి తేలడు. సిస్టర్ల బడిలో చేరిన రోజు నన్నూ అదే అడిగారు. ఏడు తరాలు అప్పజెప్పి, ఏడో తాత సముద్రంలో ఈదే సీల్ జంతువనీ, చలికాలంలో మా పొయ్యి దగ్గరికొచ్చి పడుకునేవాడనీ చెప్పాను. నా వీపుమీద బెత్తం విరిగింది. అప్పటినుంచి నా మాటల్లో సగం కొట్టేయడం ఊరివాళ్లకు అలవాటు. బైబీన్ సంగతిలో మాత్రం కొట్టేయడానికేమీ లేదు.

రేవు దగ్గర కొట్టు బైబీన్‌ది. రొట్టె, గ్యాసు, వలతాడు, అన్నీ అక్కడే. నేను గుమ్మం ఎక్కగానే, "ఏం ముసలోడా, ఇవాళ ఎన్ని అబద్ధాలు తెచ్చావు?" అనేది.

"నీ రొట్టెలంత పాతవి కావులే."

ఒక మధ్యాహ్నం ఎవరో కారాపి లోపలికొచ్చాడు. ఇంగ్లీషులో కాదు, చక్కటి మా భాషలో, "నూలా బార్ట్లీ టామ్ వాళ్లిల్లు ఎటండీ?" అన్నాడు. టామ్ కొడుకు బార్ట్లీ, అతని కూతురు నూలా. పదమూడేళ్ల పిల్ల. మూడు పేర్లూ వరసగా చెప్పినవాడు పరాయివాడెలా అవుతాడు? బైబీన్ బయటికొచ్చి మరీ చూపించింది.

"అదిగో, ఆ నీలం గేటు బాబూ. బార్ట్లీ పడవమీద పోయాడు, పిల్ల ఉంటుందిలే. టీ తాగకుండా కదలకు!"

బార్ట్లీ తిరిగొచ్చేసరికి గేటు తెరిచి ఉంది. పిల్ల లేదు.

ఆ మూడు పేర్లూ ఫోనులో నూలాయే ఇచ్చింది. వాడు ఏదో ఆటలో పరిచయమై, తనూ ఆడపిల్లనేనని నెలల తరబడి కబుర్లు చెప్పి, ఓ రోజు "నువ్వెవరి తాలూకు?" అన్నాడట. మనవాళ్లు కాకపోతే ఆ మాట ఎవరడుగుతారనుకుంది.

మర్నాడు కొండ అవతల పోలీసులు కారును పట్టుకున్నారు. నూలా ప్రాణాలతో వచ్చింది. ఆ ఏడే వాళ్లు గాల్వే పట్నానికి వెళ్లిపోయారు. అక్కడ ఎవరడిగినా "నూలా" అని ఊరుకుంటుందట. తండ్రి పేరు కలపదట.

ఇప్పుడు బైబీన్ అప్పుడప్పుడు కొట్టు మూసి బడులకు వెళుతుంది. "ఫోనులో ఆడపిల్లనన్న ప్రతివాళ్లూ ఆడపిల్లలు కారర్రా. ఎవరి తాలూకని అడిగితే చెప్పకండి. ఇల్లు కనబడేలా ఫోటో పెట్టకండి. అమ్మకు చెప్పొద్దన్నవాడి సంగతి ముందు అమ్మకే చెప్పండి. ఇప్పటికే నోరు జారారా? అయినా వచ్చి చెప్పండి. ఎవరూ తిట్టరు. తప్పు మీది కాదు."

ఆ చివరి మాట మాత్రం ఆమె రెండుసార్లు చెబుతుంది.

"తప్పు నీదీ కాదే, బైబీన్," అన్నాను ఓసారి.

"నీ మాటల్లో సగం కొట్టేయాలిగా," అంది.

మొన్న ఓ చిన్నపిల్ల రొట్టెకొచ్చింది. పాత అలవాటు కదా, బైబీన్ నోరు జారింది. "నువ్వెవరి తాలూకే, బంగారూ?"

"చెప్పను. చెప్పొద్దని నువ్వేగా మా బడికొచ్చి చెప్పావ్!"

"శభాష్," అని బైబీన్ రొట్టె అందించి, అటు తిరిగి, అప్పటికే సర్ది ఉన్న రొట్టెల్ని మళ్లీ చాలాసేపు సర్దింది.

ఆ పిల్ల ముక్కు చూడగానే ఎవరి మనవరాలో నాకు తెలిసిపోయింది. అయినా నోరు మెదపలేదు.