చెరుకుగడంటే మోతికి భయం

మొన్న నిజామాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి కుక్కలకు శిక్షణ ఇచ్చే అతను వచ్చాడు. వాళ్ల కుక్క హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు కనిపిస్తే మీద పడుతోందట. అతను హెల్మెట్‌ను దూరంగా పెట్టి, కుక్క దాన్ని చూసి ఊరుకున్నప్పుడల్లా బిస్కెట్ ముక్క వేస్తున్నాడు. "తిట్టొద్దు, కొట్టొద్దు" అని అతను చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఈ విద్యను నేను ఎనభైల్లోనే బోధన్ దగ్గర మా ఇంట్లో చూశాను. నేర్పింది మా అవ్వ, మేం బాపు అని పిలిచే మా నాన్న వాళ్లమ్మ. బీడీలు చుట్టడం తప్ప తనకేమీ రాదని చెప్పుకునేది.

మోతి ఎక్కడినుంచో కుంటుకుంటూ వచ్చి మా ఇంట్లో చేరిన కుక్క. పిల్లి తన గిన్నెలో తింటున్నా పక్కన కూర్చుని చూసేంత మంచిది. చెరుకు కోతలు మొదలయ్యాక దాని సంగతి బయటపడింది. చేతిలో గడ ఉన్న మనిషి కనిపిస్తే చాలు, పూనకం వచ్చినట్టు ఉరికేది. ఓ రోజు చిన్నాయన మా కోసమే గడ విరుచుకొస్తే ఆయన పిక్క పట్టుకుంది. అప్పట్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు. బాపు కట్టె తీసుకుని మోతిని బాదాడు. అది ఇంకా మొండికేసింది. "రేపు నందిపేట అవతల గోదారి ఒడ్డున ఇడిసిపెట్టొస్త" అన్నాడు.

అవ్వ బీడీల చాట పక్కన పెట్టింది. "దానిది కోపం కాదు బిడ్డా, భయం. ఎవడో గడతోని కాలిరగ్గొట్టిండు. కొడితే పోయేదైతే నువ్వు కొట్టిన్నాడే పోవాలె. కోతలైపోయేదాంక నాకిడువు."

"అందాంక ఎవలనన్న కరిస్తే?"

"కట్టేసి ఉంచుత. జిమ్మేదారి నాది."

మర్నాటినుంచి మోతిని కొట్టం గుంజకు కట్టి, వాకిలి చివర ఓ గడను నేల మీద పెట్టేది. మోతి మొరగకుంటే జొన్నరొట్టె ముక్క. మొరిగితే ఏమీ అనేది కాదు. గడను ఇంకాస్త దూరం జరిపి బీడీలు చుట్టుకునేది. అలా రోజుకో జానెడు దగ్గరికి తెచ్చింది. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న నేను ఓ రోజు తొందరపడి గడ పైకెత్తాను. మోతి వణికిపోయి తాడు తెంపుకునేంత పని చేసింది. పదిహేను రోజుల శ్రమ మట్టిపాలైంది. అవ్వ నన్ను కూడా తిట్టలేదు. "మల్ల మొదటికెల్లి" అంది, అంతే.

కోతలు అయిపోవస్తుండగా ఓ పొద్దున బాపును పిలిచి, "గడ పట్టుకొని మెల్లగ రా" అంది. బాపు వచ్చాడు. మోతి లేచి నిలబడి అవ్వ వైపు చూసింది. తర్వాత తోక కిందికే ఉంచి, నాలుగడుగులు వేసి, బాపు చేతిని వాసన చూసింది. బాపు గడ వదిలేసి, నేల మీద కూలబడి, దాని తల నిమిరాడు. "తప్పైంది" అన్నాడు, మాలో ఎవరితోనూ కాదు.

ఆ రెండు నెలలు అప్పట్లో మాకు ఎంతకీ తెమలలేదు. మోతి ఆ తర్వాత తొమ్మిదేళ్లు మాతో బతికింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తొమ్మిదేళ్లే రెండు నెలల్లా ఉన్నాయి.