తడి కాగితం మీద బొట్టు

మా ఇంట్లో ఇడ్లీలు పొయ్యని ఇడ్లీ ప్లేటు ఒకటి ఉంది. దాని గుంటల్లో నేను వాటర్ కలర్లు కలుపుకుంటాను. మొదట్లో అది చూసి మా అత్త ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది. ఆ విషయంలో మా ఇంట్లో అందరిదీ ఒకటే తీరు.

మా ఆయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, పాప బడికి వెళ్లాక, చిత్తూరులోని మా అద్దె ఇంట్లో భోజనాల బల్ల నాదవుతుంది. కాగితాన్ని నీళ్లతో తడిపి రంగు వదులుతాను. తడి ఉన్నంత మేర అది తనంతట తానే పాకుతుంది. చెట్టూ ఉండదు, మనిషీ ఉండడు. ఉత్త రంగులే.

"ఏం బొమ్మమ్మా ఇది?" అని పాప ఒకసారి అడిగింది. బొమ్మ కాదన్నాను. "మల్ల ఎందుకు గీసినావు?" అంది.

ఆయన ఆ మాత్రం కూడా అడగడు. బల్ల మీద కాగితం ఉంటే జాగ్రత్తగా పక్కకు జరిపి కంచం పెట్టుకుంటాడు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చించి పారేసి ఉంటే పోట్లాడైనా ఉండేదాన్ని. మెచ్చుకోవాలని కాదు, ఒక్కసారి ఆగి చూస్తే చాలనుకునేదాన్ని.

మా ఊరి ఎండకు రంగు పాకకముందే కాగితం ఆరిపోతుంది. అందుకే వాన కోసం కాచుకుంటాను. ఈ ఏడు తొలి వాన పడింది ఒక శుక్రవారం. గాలిలో తేమకు నీలం, బూడిద రంగులు చాలాసేపు కదిలాయి. అడుగున ఒక పసుపు చార నేను అనుకోని చోట ఆగింది. ఎన్నాళ్లకో నా పని నాకే నచ్చింది. ఆయన చెప్పులు విప్పే చోటికి ఎదురుగా, షోకేసుకు ఆనించి నిలబెట్టి, వానకు తడిసిన బట్టలు తీయడానికి మేడ మీదికి పోయాను.

దిగి వచ్చేసరికి దాని మధ్యలో ఎర్రగా కుంకుమ బొట్టు. ఇంకా తడి ఆరని కాగితం మీద అది పాకి రూపాయి బిళ్లంత అయింది. పక్కనే అత్త, చేతిలో కుంకుమ భరిణెతో. గడపకూ గ్యాస్ పొయ్యికీ పెట్టినట్టే దీనికీ పెట్టింది.

"ఏం చేస్తివత్తా?" అన్నాను.

"కొత్తది కదమ్మా. ఇంట్లోకి కొత్త వస్తువొస్తే బొట్టు పెట్టకుండా ఎట్లుంటాం? ఫ్రిజ్జుకు పెట్టలేదా?"

ఫ్రిజ్జుకు దక్కిన గౌరవం నా బొమ్మకూ దక్కింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె ముందు ఏడవలేక వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు ముందేసుకున్నాను.

చీకటి పడే వేళ ఆయన వచ్చాడు. చెప్పులు విప్పుతూ ఆగాడు. నిజంగానే ఆగాడు. చేతిలో టిఫిన్ సంచి అలాగే పట్టుకుని చూస్తున్నాడు. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

"ఇది బాగుండాది," అన్నాడు. "మద్దెలో ఆ ఎర్రది పెట్టినావు సూడు, అదీ. అది లేకుంటే అంతా ఉత్త మబ్బే."

"అది అత్త పెట్టిన బొట్టు," అన్నాను.

ఆయన నవ్వి, "అవునా," అని స్నానానికి పోయాడు.

అత్తకు మాటలు సరిగా వినబడలేదు. "వాడేమన్యాడమ్మా? బొట్టు బాగుండాదన్యాడా?" అని నన్నడిగింది. అన్నాడని చెప్పాను. అన్నాల దగ్గర కొడుక్కి ఇంకో గరిటె పప్పు వేసింది. పడుకునేదాకా ఆమె ముఖం వెలుగుతూనే ఉంది. నాకు ఆమె మీద కోపం పోయి, అసూయ మిగిలింది. ఇన్నేళ్లకు ఆయన నా బొమ్మ ముందు ఆగాడు. ఆగి, వాళ్లమ్మ పెట్టిన బొట్టును చూశాడు.