పిన్ని గొంతు, బాబాయి షిఫ్టు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టి, షిఫ్టు డ్యూటీ చేసే నాన్న ఇంట్లో పెరిగి కూడా, షిఫ్టు వారం వారం మారుతుందన్న సంగతి మరిచిపోయాను.

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నది షిఫ్టు కార్మికుల భార్యల జీవితం. విమర్శనాత్మక సిద్ధాంతం చదివి ఒక్క ప్రశ్న పట్టుకున్నాను: ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరి మాట వినబడటం లేదు? సెక్టర్ 4లో ఉండే, నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ చెబితేనే నా అధ్యాయం. బాబాయి పొద్దుటి షిఫ్టులో ఉంటాడనుకుని వెళ్తే, ఆ వారం మధ్యాహ్నం షిఫ్టట. సోఫా నిండా ఆయనే.

"పిన్నీ, పొద్దున్నే నీ పని ఎలా మొదలవుతుంది?"

"దానికేటి తెలుస్తాదిరా? నన్నడుగు. పూఛో బేటా!" అని బాబాయి ప్లాంటులో తను బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల కథ ఎత్తుకున్నాడు. పిన్ని మిక్చరు ప్లేటు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషిని పట్టుకుని "బాబాయ్, మీరే ఆధిపత్యం" అని ఎలా అనను? మిక్చరు తిన్నాను. సిద్ధాంతంలో 'సిద్ధం' నా వంతు, 'అంతం' ఆయన చేతిలో.

రికార్డింగు విన్న మా గైడు ఒకటే అడిగారు. "ఇందులో ఆవిడేరీ?"

ఈసారి బుద్ధిగా షిఫ్టు కనుక్కుని, నైట్ డ్యూటీ చేసి బాబాయి పడుకునే వేళకు వెళ్ళాను. పిన్ని తలుపు తీసి పెదవి మీద వేలు పెట్టింది. లోపల ఫ్యాను తప్ప ఏదీ కదలడం లేదు. కుక్కర్ కూడా పొయ్యి ఎక్కకుండా కూర్చుంది.

"ఇది ఏసున్నాదా?" అని రికార్డరు వైపు చూసింది. తలూపాను. దాని మీదకు వంగి గుసగుసగా అంది:

"మీ బాబాయి లెగిస్తే ఆయనే మాటాడతారు. పడుకుంటే మేవెవరవూ మాటాడకూడదు. మరింకెప్పుడొస్తావు బాబూ?"

రికార్డరు ఆపి జేబులో పెట్టుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

ఆ గుసగుసను అక్షరం పోకుండా అధ్యాయం మొదట్లో పెట్టి, బాబాయి ఉన్న మొదటి ఇంటర్వ్యూను చివర అనుబంధంగా జోడించాను. మొన్న ఆయన కనబడి, "నేనున్నానేట్రా అందులో?" అన్నాడు.

"పేర్లు రాయకూడదు బాబాయ్. కానీ ఆ రోజు ఇంటర్వ్యూ అంతా మీరే."

అబద్ధం కాదు. రికార్డింగును కాగితం మీదికి ఎక్కించేటప్పుడు, మధ్యలో కుక్క అరిచినా కుక్కర్ కూసినా మేం బ్రాకెట్లో రాసే మాట ఒకటుంది. ఆయన కోక్ ఓవెన్లన్నిటికీ కలిపి అదే రాశాను: నేపథ్యంలో శబ్దం.