మేక పొట్టల గడ్డి

మా పెద్దబాపుకు కొట్టుడంటె అన్నం తిన్నంత అలవాటు. ఎద్దును కొట్టేది, కూలోణ్ని కొట్టేది. బాపు పోయినంక, బాపుకు అన్న గాబట్టి మా ఇంటికి పెద్ద ఆయననే అయ్యిండు. మెడల తులసిమాల ఉండె, మాంసం ముట్టకపోయేది. బీడీ మాత్రం నోట్లెకెల్లి దిగకపోయేది. ఏం భక్తో ఏమో!

ఎనభైలల్ల ముచ్చట. రామన్నపేట దిక్కు మా ఊళ్లె కరువొచ్చి బర్లను అమ్ముకున్నం. పేడ లేక, బాపు కట్టించిన గోబర్ గ్యాస్ ఆగిపోయింది. అమ్మ మళ్ల కట్టెల పొయ్యి కాడ కూసుంది. అప్పటికే ఆమెకు ఒక కన్ను మసక. "పొగల కూసుంటె రెండోది సుత పోతది" అని దవాఖానల డాక్టరు చెప్పిండు. నాకు నిద్ర పట్టకపోయేది.

నేనప్పుడు నల్లగొండల డిగ్రీ చదువుతున్న. మేక పొట్టల కంటికి కనరాని పురుగులుంటయట, గవి ఇడిసే ఎంజైములు చొప్పను సుత కరగబెడ్తయట. సారు పాఠంల చెప్పిండు. గదే పట్టుకున్న. పేడ లేకుంటేమాయె, చొప్ప ఉన్నది గద! మా ఇంటెనుక మేకలు కోసే సాయిబు తాతను పోయి అడిగిన. "దేనికి బేటీ గిది?" అని నవ్వుకుంటనే, మేక పొట్టల అరగని గడ్డిని బకీట్ల నింపి ఇచ్చిండు. చొప్పను సన్నగ నరికి, నానబెట్టి, దాంట్ల కలిపి గ్యాస్ గుంతల పోసిన.

కొన్ని దినాలకు, గ్యాస్ నిండేటందుకు గుంత మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము జానెడు పైకి లేచింది. పొయ్యి కాడ అగ్గిపుల్ల గీస్తె ఆరిపోయింది. మళ్ల గీసిన, మళ్ల ఆరింది. "గ్యాస్ కాదు, ఉత్త గాలి!" అని పెద్దబాపు ఎక్కిరించిండు. ముందుగాల మండని గాలే వస్తదని సారు చెప్పిండు, ఇంకో నాలుగు దినాలు చూద్దామనుకున్న. గంతల్నే ఎవరో ఆయన చెవుల బకీటు ముచ్చట ఊదిండ్రు.

గడ్డపార పట్టుకొని ఉరికొచ్చిండు. "నా అన్నం మేక పేగుల మీద వండుతరానే!" అడ్డం పోతె నన్ను జుట్టు వట్టి గోడకు కొట్టిండు. నుదురు పగిలి రక్తం కండ్లల్లకు కారింది. "బావా, నీ కాల్మొక్త, నా కండ్లు పోతయి" అని అమ్మ కాళ్ల మీద పడ్డది. తన్నిండు. గడ్డపారతోటి డ్రమ్మును పొడిచిండు. తుప్పు పట్టిన రేకు, రెండో పోటుకే చిరిగింది.

బుస్సున వచ్చింది గ్యాస్. నోట్ల బీడీ ఉండనే ఉన్నది. మంట మనిషెత్తు లేచి ఆయన మొఖాన్ని, చేతులను పట్టుకుంది.

ఆయన ఒర్రుతాండు. నేను చప్పట్లు కొట్టిన. "అమ్మా, అంటుకుంది! గ్యాసే అయ్యింది!" అని ఎగిరిన. సిగ్గులేకుండ చెప్తున్న, నాకు సంబురమైంది.

తడి గోనెసంచి తెచ్చి ఆయన మీద కప్పింది అమ్మనే. మంట ఆరినంక నా దిక్కు మర్రి, చెంప పగలగొట్టింది. అమ్మ నన్ను కొట్టింది గదొక్కసారే. ఆ పొద్దే ఆయనకు జావ కాయనీకి కట్టెల పొయ్యి ఊదుకుంట కూసుంది.

డ్రమ్మును మళ్ల ఎవ్వరు అతకలేదు. తొంభైలు వచ్చేసరికి అమ్మకు రెండు కండ్లు పోయినయి. నేను పోతె మొఖం తడిమి గుర్తువట్టేది, ముందుగాల నుదుటి మీది మచ్చ, తర్వాత చెంప. చెంప కాడికి ఆమె చెయ్యి రాంగనే నాకు సుర్రుమనేది.